బీ-ఫారం మొదలు స్పీకర్ ఫార్మాట్ దాకా

ఇంజనీరింగు ర్యాంకుకు, మెడిసిన్ సీటుకు, గ్రూప్-2కు, బ్యాంకు క్లర్కు పరీక్షకు గుంటూరు బ్రాడీపేటలో శిక్షణ దొరుకుతుంది, బెజవాడ బెంజిసర్కిల్ దగ్గరా దొరుకుతుంది. ఎమ్మెల్యే ఉద్యోగానికి మాత్రం ఎక్కడా ఒక్క బోర్డు కనపడదు. ఇంత గిరాకీ ఉన్న కోర్సును మన విద్యా వ్యాపారులు ఎలా వదిలేశారో అంతుపట్టదు. పోస్టులు రాష్ట్రం మొత్తానికి 175. అందులో 29 ఎస్సీలకు, 7 ఎస్టీలకు రిజర్వు. బెజవాడ నగరానికి మూడు, గుంటూరు నగరానికి రెండు. కనీస వయసు 25; రిటైర్మెంటు లేదు. చదువు సంగతి ఎవరూ అడగరు. రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటుంటే చాలు, పొన్నూరు ఓటరు గుంటూరు పశ్చిమలో నిలబడొచ్చు. చట్టానికి అభ్యంతరం లేకపోయినా "ఆయన మనూరోడు కాదంట" అనే నోళ్లు ఉంటాయి. అందుకని ముందుగా ఓ ఇల్లు అద్దెకు తీసుకుని, పాలు పొంగించి, ఆ ఫొటో పేపర్లకు పంపడం ఆచారం. ఆ ఇంట్లో పడుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

దీన్ని ప్రజాసేవ అనుకుని దిగి దెబ్బతిన్నవాళ్లున్నారు. ఇది కాగితాల వృత్తి. ఏ కాగితం, ఎవరి సంతకంతో, ఎన్నింటిలోపు, ఏ బల్ల మీదకు చేరాలో తెలిసినవాడే ఇందులో నిలుస్తాడు.

మొదటిది బీ-ఫారం. దానికో అన్నగారుంది, ఏ-ఫారం. పార్టీ తరఫున అభ్యర్థిని ఖరారు చేసే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది. ఆ అభ్యర్థి ఎవరో బీ-ఫారం చెబుతుంది. నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటలలోపు రెండూ రిటర్నింగ్ అధికారికి అందాలి. సంతకం ఇంకుతో చేసిందే అయ్యుండాలి. రబ్బరు స్టాంపు, జిరాక్సు, ఫ్యాక్సు చెల్లవు. బీ-ఫారాన్ని దుర్గమ్మ పాదాల దగ్గర పెట్టించే భక్తులు ఇక్కడే జాగ్రత్తపడాలి. ఇంకు సంతకం మీద తీర్థం చుక్క పడిందంటే అమ్మవారు కూడా అడ్డుపడలేదు. దుర్గమ్మ తర్వాత గుణదల మేరీమాత, ఆ తర్వాత దర్గా, ఇదీ బెజవాడలో వరస. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగితే మూడు మతాల ఆశీస్సులూ తడవకుండా అందుతాయి.

బీ-ఫారం చేతికి రాగానే టపాసులు పేల్చేవాళ్లు రెండో సంగతి మరచిపోతారు. ముందిచ్చిన దాన్ని రద్దు చేస్తూ ఇంకొకరి పేరుతో మరో బీ-ఫారం పంపే హక్కు అదే చివరిరోజు 3 గంటల దాకా పార్టీకి ఉంటుంది. కనుక టపాసులు 3 గంటల 5 నిమిషాలకు కాల్చుకోవాలి. అదే ఫారంలో ప్రత్యామ్నాయ అభ్యర్థికి ఓ గడి ఉంటుంది. మీ నామినేషన్ తిరస్కరణకు గురైతే వాళ్లే అభ్యర్థి. అక్కడ భార్య పేరు రాయించడం క్షేమం. ప్రధాన అనుచరుడి పేరు రాయిస్తే, మీ కాగితాల్లో తప్పు దొరకాలని పూజలు చేయించేవాడు మీ కారులోనే కూర్చుంటాడు.

నామినేషన్లు తీసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. అందులో బుధవారం 12 నుంచి ఒకటిన్నర, గురువారం ఒకటిన్నర నుంచి 3 రాహుకాలం మింగేస్తుంది. శుక్రవారం మొదటి గంట పోతుంది. మంగళవారం రాహుకాలం సరిగ్గా 3కు మొదలవుతుంది గనక వేళ మొత్తం ఖాళీయే, కాకపోతే అది మంగళవారం. అంచేత జనమంతా సోమవారం మీద పడతారు. ఊరేగింపు ఎన్ని వేలమందితో వచ్చినా అధికారి గదిలోకి అభ్యర్థితో కలిపి అయిదుగురే. వంద మీటర్ల లోపలికి మూడే వాహనాలు. ఆ నలుగురు ఎవరన్నదాని మీద జరిగే గొడవలో మంచి ముహూర్తాలు బోలెడు దాటిపోయాయి.

టికెట్ రానివాడు రెబెల్. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే సరిపోతుంది, రెబెల్‌కు పదిమంది కావాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఉపసంహరణ గడువులోపు బుజ్జగింపులు మొదలవుతాయి, ఎమ్మెల్సీ ఇస్తామంటారు. మండలిలో సీట్లు 58. ఒక్క ఎన్నికలో ఇచ్చిన ఎమ్మెల్సీ హామీలన్నీ నెరవేర్చాలంటే మండలి సమావేశాలు ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టాలి.

తర్వాత ఫారం 26, అంటే అఫిడవిట్. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. లేకపోతే "లేదు" అని, సంబంధం లేకపోతే "వర్తించదు" అని రాయాలి. ఖాళీ వదిలిన అఫిడవిట్‌ను తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నలభై కార్ల కాన్వాయ్‌లో వచ్చి, సొంత వాహనం గడిలో "లేదు" అని రాసే నిరాడంబరులకు ఈ ఫారంలో పూర్తి స్వేచ్ఛ ఉంది. క్రిమినల్ కేసులుంటే వాటిని పేపర్లలో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. ఇది అవమానమని కొందరు భ్రమపడతారు. కేసుల్లేని అభ్యర్థికి ఆ మూడు ప్రకటనల ప్రచారమూ దక్కదు.

ఇక ఖర్చు. 2022 నుంచి మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు. నియోజకవర్గంలో రెండున్నర లక్షల ఓటర్లున్నారనుకుంటే మనిషికి 16 రూపాయలు. ఈ డబ్బుతో ఓటరుకు ఓ టీ ఇప్పించవచ్చు, బిస్కెట్ అడక్కపోతే. దీనికి నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. లెక్కల పుస్తకంలో తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క. టీకి, టిఫినుకు, కుర్చీ అద్దెకు, ఫ్లెక్సీ చదరపుటడుగుకు జిల్లా అధికారులు ధరల పట్టిక ఇస్తారు. మీరు ఎంతకు కొన్నా లెక్కలో వాళ్ల ధరే ఉంటుంది. అధినేత హెలికాప్టర్ పార్టీ ఖాతాలో పడుతుంది; ఆ వేదిక మీదకు మీరు ఎక్కారో, సభ ఖర్చులో వాటా మీ పేరున పడుతుంది. పొదుపరి అభ్యర్థి కింద కుర్చీలో కూర్చోవాలి. అలా కూర్చున్న అభ్యర్థి కృష్ణా తీరంలో ఇంతవరకు పుట్టలేదు. అయినా సమర్పించేనాటికి లెక్కలు 40 లక్షలకు చాలా ఇవతలే ఆగిపోతాయి. ఇంత పొదుపైనవాళ్లను గెలిచాక ఆర్థికశాఖకు ఎందుకు పంపరో తెలియదు. బహుశా మంత్రివర్గం పరిమితి వల్ల కావచ్చు: సభ్యుల్లో 15 శాతం, అంటే ముఖ్యమంత్రితో కలిపి 26.

గెలిచాక చేతికొచ్చే ఆయుధం లెటర్‌హెడ్. తిరుమల బ్రేక్ దర్శనానికి లేఖ అడగని ఓటరు ఉండడు. ఒక్కో లేఖకు ఆరుగురే, అడిగే కుటుంబాల్లో ఎప్పుడూ ఎనిమిది మందే. మిగిలిన ఇద్దరూ అయిదేళ్ల తర్వాత ఎవరికి ఓటేశారో కనిపెట్టడం కష్టం కాదు. బదిలీ లేఖల శాస్త్రం వేరు. "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అన్న లేఖ అడిగినవాళ్లందరికీ ఇస్తారు. పని జరిగేది లేఖ వెనకాల వెళ్లే ఫోన్‌తో. ఫోన్ వెళ్లని లేఖను ఫైల్లో ఎక్కడ పెట్టాలో సెక్షన్ గుమస్తాకు తెలుసు.

ఇటునుంచి వెళ్లేవి లేఖలైతే అటునుంచి వచ్చేవి శుభలేఖలు. మాఘమాసం ముహూర్తాల రాత్రి పటమటలో మొదలెట్టి, గుణదల మీదుగా సింగ్‌నగర్ చేరేలా పీఏ రూటు గీస్తాడు. కల్యాణమండపానికి నాలుగు నిమిషాలు: అక్షింతలు, ఫొటో, పెళ్లికూతురి మేనమామను పేరుపెట్టి పిలవడం. పేరు మెట్లెక్కేటప్పుడు పీఏ చెవిలో చెప్పాలి, వేదిక మీద చెబితే వీడియోలో పడుతుంది. సమయం చాలకపోతే పెళ్లిళ్లు తగ్గించుకోవాలి గానీ చావు పలకరింపులు తగ్గించుకోకూడదు. పెళ్లికి రాలేదని ఏడాది గుర్తుంచుకునే జనం, దినానికి రాలేదని పోలింగు దాకా గుర్తుంచుకుంటారు.

శాసనాలు చేసే పని కూడా కొంత ఉంది. అది వెలగపూడిలో జరుగుతుంది. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, 18 మంది. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలన్నింటికీ గైర్హాజరైతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయిన (అంటే సమావేశాలు ముగిసినట్టు ప్రకటించిన) కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఆ 60లో కలవవు. మన సభ కూర్చునే వేగానికి 60 పోగవ్వాలంటే గైర్హాజరీకి కూడా దీక్ష కావాలి. మధ్యలో ఒక్కపూట వచ్చి కూర్చుంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

చివరి కాగితం రాజీనామా. నియోజకవర్గ అభివృద్ధి కోసం పార్టీ మారాలనిపించినప్పుడు 1985 నాటి పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, అడ్డొస్తుంది. విలీనమంటే మూడింట రెండొంతుల మంది కావాలి, అంతమందికి ఒకేసారి అభివృద్ధి మీద మనసు పుట్టదు. ఒంటరివాడికి మిగిలిన దారి శాలువా. కొత్త పార్టీ ఆఫీసులో మెడలో పడింది కండువా కాదు, సన్మాన శాలువా అని వాదించవచ్చు, రంగు యాదృచ్ఛికం. అనర్హత పిటిషన్ మీద స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూలులో రాయలేదు. మామూలుగా మూడు నెలలు చాలని 2020లో సుప్రీంకోర్టు అంది, మామూలుగా అనే మాటలో ఏళ్లు పడతాయి. నైతికత మరీ ఒత్తిడి చేస్తే అధినేతకు ఆరు పేజీల రాజీనామా లేఖ రాసి విలేఖరులకు పంచాలి. అది సీటును తాకదు. సీటును తీసుకుపోయేది స్పీకర్ పేరిట రాసిన ఒక్క వాక్యం, స్పీకర్ ఫార్మాట్ అనేది దాన్నే. ఆ వాక్యాన్ని ఆవేశంలో రాయకూడదు.

ఓడిపోతే ఇన్‌చార్జి పదవి ఉంటుంది, కారు మీద "మాజీ" అన్న రెండక్షరాలు కాస్త చిన్నగా రాయించుకోవచ్చు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు దాటకపోతే డిపాజిట్ కూడా తిరిగి రాదు. గెలిచినా ఓడినా ఫలితం ప్రకటించిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. సరైన కారణం లేకుండా తప్పితే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేటు వేయవచ్చు. గెలిచినవాడికి ఆ గడువు ఆడిటరు గుర్తుచేస్తాడు. ఓడినవాడికి టెంటు సామాన్ల వాడు గుర్తుచేస్తాడు, పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, జిల్లా పట్టికలో ధర కాకుండా తన ధర ప్రకారం బిల్లు పట్టుకుని.