వద్దనే ముందు గంటలు లెక్కపెట్టండి

డయాలసిస్ మీద ఉన్న ఆడమనిషి నెల తప్పిందని తెలిసిన రోజు ఆమెకు ముందుగా అందేవి చీవాట్లు. "ఈ పరిస్థితిలో ఇదేం పనమ్మా?" అంటారు. భర్త తల దించుకుంటాడు, అత్తగారు గోడవైపు చూస్తుంది, ఈమె కళ్లు తుడుచుకుంటుంది. కాసేపటికి అబార్షన్‌కు చీటీ రాసిస్తారు. ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈమెకు వారానికి ఎన్ని గంటలు మిషన్ ఇవ్వగలం?

మొత్తం విషయం ఆ ప్రశ్నలోనే ఉందని నేనంటాను.

కిడ్నీ జబ్బున్న ఆడవాళ్లకు బిడ్డలు పుడితే ప్రమాదంగా పుట్టేవారని, డాక్టర్ల మాట నెగ్గితే అసలు పుట్టేవారే కాదని లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకీయం ఒక చురక అంటించింది. అది 1975 నాటి మాట. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1971లో, ఇటలీలో డయాలసిస్ మీద ఉన్న ఒకామె ప్రసవించినట్టు వైద్య పత్రికకు ఎక్కింది. అంటే ఇది నిన్నమొన్నటి వింత కాదు. యాభై ఏళ్ల పాత అనుభవం మన దగ్గరికి రావడానికి ఇంత ఆలస్యమెందుకైందో ఎవరో ఒకరు చెప్పాలి.

2014లో టొరంటో డాక్టర్లు తమ దగ్గరి 22 గర్భాలను అమెరికా రిజిస్ట్రీలో (అలాంటి గర్భాల వివరాలు నమోదు చేసే జాబితాలో) ఉన్న 70 గర్భాలతో పోల్చి చూశారు. వారానికి 20 గంటలు, అంతకంటే తక్కువ డయాలసిస్ అందిన వాళ్లలో బిడ్డ ప్రాణాలతో పుట్టింది 48 శాతం మందికే. 36 గంటలు దాటిన వాళ్లలో అది 85 శాతం. అమెరికాలో సగటున 27వ వారంలో పుడుతున్న బిడ్డలు టొరంటోలో 36 వారాల దాకా కడుపులో నిలిచారు. సంఖ్యలు చిన్నవే, నిజమే. కానీ జబ్బు అదే, మిషన్ అదే. పెద్ద తేడా గంటల్లోనే ఉంది.

ఎందుకలా అన్నది తెలిశాక నాకు ఈ విషయం మీద నిద్ర పట్టలేదు. తల్లి రక్తంలో పేరుకున్న యూరియా అనే వ్యర్థం మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ కిడ్నీలు బాగానే ఉన్నాయి కదా, అవి తమ పని మొదలుపెడతాయి. అమ్మ చేయలేని పనిని లోపలున్నది చేస్తుంది. యూరియా బయటికి పోతూ తనతో నీటిని లాక్కుపోతుంది, బిడ్డ మూత్రం ఎక్కువ పోస్తుంది, ఉమ్మనీరు పెరుగుతుంది, గర్భసంచి సాగిపోయి నొప్పులు ముందే వస్తాయి. ఏడో నెలలో కాన్పు. డయాలసిస్ పెంచి ఆ యూరియాను తగ్గిస్తే ఉమ్మనీరూ అదుపులో ఉంటుంది. రోజూ చేస్తే ఇంకో లాభం: ఒక్కసారే మూడు లీటర్లు లాగాల్సిన పని ఉండదు, తల్లి బీపీ ఒక్కసారిగా పడిపోదు, మాయకు రక్తం తగ్గదు.

మిగతాదంతా చిక్కే కానీ మన డాక్టర్లకు చేతకానిది కాదు. రక్తం పట్టడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ డోసు ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో చేయాలి. కొన్ని బీపీ మాత్రలు ఆపి మిథైల్‌డోపా, లాబెటలాల్ లాంటివాటికి మార్చాలి. మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మాయ దాటదు, భయం లేదు. ఇన్నేళ్లూ కొలిచి కొలిచి తినమన్న పప్పు, గుడ్డు, పాలు ఇప్పుడు బాగా తినమనాలి, రోజూ మిషన్ ఎక్కితే ఒంట్లోని మంచి కూడా కడుక్కుపోతుంది కాబట్టి. ఇక డ్రై వెయిట్, అంటే అదనపు నీరు లాగేశాక ఉండాల్సిన బరువు. బరువు పెరిగితే నీళ్లు లాగేయడం టెక్నీషియన్‌కు అలవాటైన పని. ఈమెలో పెరిగింది నీరా, బిడ్డా? ప్రతి వారం కొత్తగా లెక్క వేసుకోవాల్సిందే. మా చిన్నాన్న పక్కన డయాలసిస్ సెంటర్లో కూర్చున్న నెలల్లో ఒక్క కిలో తేడాకు ఎంత గొడవ జరుగుతుందో చూశాను. గర్భిణి విషయంలో ఆ కిలో బిడ్డదే కావచ్చు.

మన దగ్గర సంగతి తెలిసిందే. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు అన్నది పుస్తకంలోని కనీసం. చాలామందికి రెండుసార్లే. ఆరోగ్యశ్రీ వచ్చాక రెండు రాష్ట్రాల్లోనూ పేదలు డబ్బు కట్టకుండా మిషన్ ఎక్కగలుగుతున్నారు, అది చిన్న విషయం కాదు, కాదనను. కానీ పన్నెండు గంటల కోసం కట్టిన వ్యవస్థలోకి ముప్పై ఆరు గంటలు కావాల్సిన మనిషి వస్తే చీవాట్లు తప్ప ఇవ్వడానికి ఏమీ ఉండదు.

నెఫ్రాలజిస్టుల, అంటే కిడ్నీ డాక్టర్ల మాట కొట్టిపారేయను. తల్లికి బీపీ ఎగబాకి ప్రాణం మీదికి రావచ్చు, బిడ్డ నెలలు నిండక పుట్టవచ్చు, కిడ్నీ మార్పిడి అయి ఏడాది గడిచాక కనడమే అన్నిటికంటే మేలు అంటారు. సరే. బోస్టన్‌లో కవల సోదరి కిడ్నీ పెట్టించుకున్న ఒకామె 1958లోనే బిడ్డను కన్నది. ఇప్పటికే మిషన్ల కోసం షిఫ్టుల్లో కొట్టుకుంటున్నారు, ఒకరికి 36 గంటలిస్తే ఇద్దరి పొట్ట కొట్టినట్టే అని కూడా అంటారు. ఇదీ నిజమే. మరి గర్భం వద్దని అంత గట్టిగా నమ్మేవాళ్లు ఆ కుర్చీలో కూర్చున్న ముప్పై ఏళ్ల అమ్మాయికి గర్భనిరోధకాల గురించి ఎప్పుడైనా చెప్పారా? నెలసరి ఎలా వస్తోందని అడిగారా? అడగరు. నెలసరి ఎలాగూ సరిగా రాదు, వాంతులు జబ్బువే అనుకుంటారు, కిడ్నీలు పనిచేయని వాళ్లలో గర్భం తెలిపే హెచ్‌సీజీ పరీక్ష తప్పుదారి పట్టించగలదు. స్కానింగ్ చేసేసరికి నాలుగో నెల, ఐదో నెల. అప్పుడు "ముందే చెప్పొద్దా?" అని మళ్లీ ఆమెనే తిడతారు.

ఖర్చు చూద్దాం. 12 గంటల నుంచి 36కు పెంచితే వారానికి 24 గంటలు అదనం, అంటే ఆరు సెషన్లు. 30 వారాలకు 180. సెషన్‌కు 1,500 రూపాయలనుకుంటే 2,70,000. ఏడో నెలలో పుట్టిన కిలో బిడ్డను ప్రైవేటు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) నెలన్నర ఉంచితే బిల్లెంతవుతుందో ఆ గుమ్మం ఎక్కినవాళ్లను అడగండి. పైగా డయాలసిస్ మీద గర్భం రావడమే అరుదు. రాష్ట్రం మొత్తానికి వెతికినా అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు. వాళ్లకో ప్రత్యేక ప్యాకేజీ పెడితే ఖజానా కూలిపోదు. మిషన్లు లేవంటారా, చాలాచోట్ల రాత్రి పది దాటాక అవి ఖాళీగానే ఉంటాయి. టొరంటోలో కొందరికి అన్ని గంటలు వచ్చింది కూడా రాత్రి నిద్రలో, ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ వల్ల. మనకు ఇంట్లో కుదరదు, కానీ కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఆడవాళ్ల కోసం పలాస కిడ్నీ ఆసుపత్రిలో రెండు బెడ్లు, ఒక రాత్రి టెక్నీషియన్ కుదరరా? 2023 డిసెంబరులో అంత ఆర్భాటంగా ప్రారంభించుకున్న 200 పడకల ఆసుపత్రి అది.

అసలు నాకు మంట ఇంకోచోట ఉంది. మార్పిడి అయ్యాక కను అని ఆమెకు చెబుతున్నాం కదా, ఆ కిడ్నీ ఎవరిస్తారు? 2019 నుంచి 2023 దాకా ఈ దేశంలో బతికుండగా అవయవం ఇచ్చిన ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఆడవాళ్లే. పుచ్చుకునే వరసలో మాత్రం మగవాళ్లే ఎక్కువ. తల్లి ఇస్తుంది, భార్య ఇస్తుంది, అక్క ఇస్తుంది. భర్తకు కిడ్నీ పోతే భార్య రక్తం గ్రూపు చూస్తారు. భార్యకు పోతే ఆమెను పుట్టింట్లో దింపుతారు. అమ్మాయి తండ్రే ఆటోలో డయాలసిస్‌కు తిప్పడం ఆ సెంటర్లో నేను ఎన్నోసార్లు చూశాను. పిల్లలు లేకపోతే ఆ ఇంట్లో తన చోటు పోతుందన్న టెన్షన్ ఆమెకు ఉంటే, అది తెలివితక్కువతనమా? ఆమె ప్రాణాన్ని పణంగా పెట్టిస్తున్నది మనమై ఉండి, బుద్ధి మాత్రం ఆమెకు చెబుతున్నాం.

వద్దనుకునే హక్కు కూడా ఆమెదే. ఇరవై వారాల లోపు చట్టం దారి చూపిస్తోంది. అయితే ఆ నిర్ణయానికి ముందు "ఇన్ని గంటలు ఇవ్వగలం, ఇస్తే ఇంత అవకాశం" అని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి.

చిన్నాన్న సెంటర్లో ప్రతి పేషెంటుకీ ఒక షీటు ఉండేది. ఎక్కేముందు బరువు, దిగాక బరువు, బీపీ, ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళం), హెపారిన్ డోసు. ఆడవాళ్లకూ అదే షీటు. చివరి నెలసరి తేదీకి అందులో ఒక గడి గీయడానికి జీవో అక్కర్లేదు, స్కేలూ పెన్నూ ఉంటే చాలు.