చింతపండు పులుసుకు లొంగే విషం కాదు బాబాయ్

ఈ వారంలో ఆ మెసేజ్ ఆరోసారి వచ్చింది. ముందు విజయవాడలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో, రాత్రి గుంటూరు నుంచి మా బాబాయి దగ్గర్నుంచి. "సముద్రంలోకి అలెగ్జాండ్రియం అనే విషపు పాచిని వదిలారు. ఏళ్లతరబడి బురదలో దాక్కుని మళ్లీ లేస్తుంది. నీళ్లు ఎర్రబడితే చేప, రొయ్య ముట్టకండి. తప్పకపోతే పసుపు, చింతపండు వేసి ఇరవై నిమిషాలు మరిగించండి, విషం చస్తుంది. వెండి చెంచా నల్లబడితే పారబోయండి. పది మందికి పంపండి."

ఎవరో వదిలారట. 1793లో కెనడా తీరంలో మస్సెల్స్ (ఆల్చిప్పల్లాంటివే) తిని కెప్టెన్ జార్జ్ వాంకూవర్ ఓడ నావికుడొకడు ఇదే విషంతో చచ్చిపోయాడు. అప్పుడెవరు వదిలారో మరి! వెండి చెంచా సంగతి పెళ్లిలో పెట్టినవాళ్లనే అడగండి.

ఇక చేప. మనం ఇక్కడ కొనే బొచ్చె, శీలావతి చెరువు చేపలు. వాటికీ ఒక్క కణమే ఒళ్లైన ఈ సముద్రపు పాచికీ చుట్టరికం లేదు. సముద్రపు చేపలోనైనా ఈ విషం చేరేది ఎక్కువగా పేగుల్లో, కాలేయంలో. అవి మనం ఎలాగూ తీసిపారేస్తాం. అసలు ప్రమాదం ఆల్చిప్పలు, మస్సెల్స్‌తో. అవి రోజంతా నీటిని వడగట్టి తింటాయి, విషాన్ని ఒంట్లో పోగేసుకుంటాయి, మనం వాటిని పేగులతో సహా మింగుతాం. 1997లో కేరళలోని విళింజంలో మస్సెల్స్ తిని ఏడుగురు పోయారు.

నాకు ఒళ్లు మండింది మాత్రం మరిగించమన్న మాటకి. మిగతావి వట్టి సోది, ఇది మనిషిని చంపుతుంది. ఉడికిస్తే ఆ కణం చస్తుంది, నిజమే. దాని విషం సాక్సిటాక్సిన్ మాత్రం కుండలో చెక్కుచెదరకుండా ఉంటుంది. పులుపు దానికి ఇంకా సుఖం, క్షారంలో అయితేనే అది దెబ్బతినేది. ల్యాబుల్లో దీన్ని పరీక్షించే పాత పద్ధతి ఏమిటో తెలుసా? ఆల్చిప్ప మాంసాన్ని రుబ్బి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐదు నిమిషాలు మరిగిస్తారు. ఎందుకు? విషం పోవడానికి కాదు, చక్కగా బయటికి రావడానికి! అంటే మా బాబాయి పంపింది ల్యాబు వంటకమే, తాలింపు ఒక్కటే తక్కువ.

అది ఒంట్లోకి వెళ్తే నరాల్లోని సోడియం దారులు మూసుకుంటాయి. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత చేతులు కాళ్లు, ముదిరితే ఊపిరి కండరాలు. విరుగుడు మందు లేదు. వేళకి వెంటిలేటర్ పెడితే బతుకుతారు. అంచేత పెదాలు తిమ్మిరెక్కగానే ఆసుపత్రికి పరుగెత్తాలి, పసుపు డబ్బా కోసం కాదు.

నీళ్లు ఎర్రబడితేనే భయపడాలనడం కూడా తప్పే. లీటరుకు కొన్ని వేల కణాలు చాలు, నీళ్లు తేటగానే ఉంటాయి, ఆల్చిప్ప మాత్రం విషపూరితం.

ఇంతా తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. బురదలో దాక్కుంటుందన్నది కూడా కట్టుకథే అనుకున్నాను, తీరా చూస్తే అక్షరాలా నిజం. రెండు కణాలు కలిసిపోయి, గట్టి పెంకు కట్టుకుని, అడుక్కి దిగి నిద్రపోతాయి. పరిస్థితి బాగుపడ్డాక పెంకు పగలగొట్టుకుని ఈదుకుంటూ పైకొస్తాయి. ఇదే బాబాయికి రాశాను. అరగంటకి జవాబొచ్చింది: "సరే గానీ, పోనీ నిమ్మకాయ పిండితేనో?"