కత్తి, సూది, స్ప్రే: ముక్కు వైద్యంపై ఒక వాదోపవాదం

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తెల్లవారుజాము తుమ్ములను గురించి, వదలని ముక్కు దిబ్బడను గురించి మాట్లాడుకోని ఇల్లు అరుదు. ఈ ఊరి చలి పడలేదని సరిపెట్టుకునేవారు కొందరైతే, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలతో ఏళ్లు గడిపేవారు మరికొందరు. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ నేను కల్పించుకున్న పాత్రలు. ఒకరు మల్లేశ్వరంలో చాలాకాలంగా చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్సలు చేస్తున్న మామయ్య. మరొకరు వైట్‌ఫీల్డ్‌లో ఎలర్జీ వైద్యం చేస్తున్న ఆయన మేనకోడలు. ముక్కు ఎలర్జీకి, సైనస్ వాపుకు, ముక్కులో పెరిగే కండకు ఇటీవలి పరిశోధన చూపిస్తున్న చికిత్సలను ముందుకు తేవాలా, లేక ఉన్న చికిత్సలనే సరిగ్గా చేయాలా అన్నది వారి ముందున్న ప్రశ్న. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మామయ్య మాటల్లో తోసిపుచ్చలేనివి చాలా ఉన్నాయి కనుక వాటి బలాన్ని తగ్గించకుండా రాస్తున్నాను.

మామయ్య: అమ్మా, కొత్త మందుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. స్ప్రే పనిచేయలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లను, దాన్ని ఎలా వాడారో ఒకసారి చూపించమని అడుగుతాను. చాలామంది తల వెనక్కి వాల్చి, గొట్టాన్ని ముక్కు దూలానికి ఆనించి కొట్టి, గట్టిగా పీలుస్తారు. మందు గొంతులోకి దిగి చేదు తగలగానే మూడో రోజుకు మానేస్తారు. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేతితో, ఎడమ ముక్కుకు కుడి చేతితో, కంటి బయటి మూల వైపు గురిపెట్టి కొట్టుకోవాలనీ, పూర్తి ఫలితం కనిపించడానికి రోజూ వాడినా రెండు వారాల దాకా పట్టవచ్చుననీ వారికి ఎవరూ చెప్పరు. ఆ స్ప్రేలో ఉన్నది స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి దాన్ని వదిలేసి, నిమిషాల్లో ముక్కు తెరిపించే జైలోమెటాజోలిన్ చుక్కలను మాత్రం నెలల తరబడి వేసుకుంటారు. వాటిని వరుసగా కొన్ని రోజులకు మించి వాడితే దిబ్బడను అవే తెచ్చిపెడతాయి. ఉన్న మందును సరిగ్గా వాడని చోట కొత్త మందు తెచ్చి ఏం సాధిస్తాం?

మేనకోడలు: మామయ్యా, మీరు చెప్పిన లోపం నిజమే, నా దగ్గరా రోజూ అదే చూస్తున్నాను. ఎలర్జీకి రాసే మాంటెలుకాస్ట్ అనే మందు కలిసిన మాత్రలను ఏళ్ల తరబడి మింగుతున్నవారినీ చూస్తున్నాను. ఆ మందువల్ల కొందరిలో నిద్ర, మనఃస్థితి చెదిరిపోతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించి, ఒక్క ముక్కు ఎలర్జీకే అయితే ఇతర మందులు పనిచేయనప్పుడే ఇవ్వాలని చెప్పింది. అయితే స్ప్రేను ఎంత చక్కగా వాడినా అది వాపును అణచి ఉంచుతుందే కాని, శరీరం పుప్పొడినో దుమ్ము పురుగునో శత్రువుగా చూడటం మాన్పించదు. స్ప్రే మానిన కొద్ది కాలానికే తుమ్ములు తిరిగి వస్తాయి. ఆ చూపునే మార్చగల చికిత్స ఇమ్యునోథెరపీ ఒక్కటే, అంటే పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని దానికి అలవాటు చేయడం. అది నిన్నటి ఊహ కాదు. లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని సూదిగా ఇచ్చి ఫలితం ప్రకటించింది 1911లో. 1999లో వచ్చిన అధ్యయనమైతే, గడ్డి పుప్పొడికి మూడు నాలుగేళ్లు సూదులు తీసుకుని మానినవారికి ఆ తర్వాత కనీసం మూడేళ్లు మేలు నిలిచిందని చూపించింది. మానిన తర్వాత కూడా పనిచేసే మందు మన రెండు శాఖల్లో ఇంకేదైనా ఉందా?

మామయ్య: మూడేళ్లు అన్న మాటను అంత తేలిగ్గా దాటవేయకు. రెండేళ్లతో సరిపెడితే మూడో ఏటికి, పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని ఉత్త మోతాదు తీసుకున్నవారికీ వీరికీ తేడా లేకుండా పోయిందని 2017లో వచ్చిన పరీక్ష చెప్పింది కదా. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చే మనిషి, సూది వేయించుకుని, ప్రాణాంతకమైన ప్రతిచర్య వస్తుందేమోనని ఆసుపత్రిలోనే అరగంట కూర్చుని, మళ్లీ బస్సెక్కి వెళ్లడం మూడేళ్లు సాగించగలడా? సగంలో మానితే డబ్బూ పోయె, ఫలితమూ పోయె. ఆపైన మన దేశంలో దొరికే సారాల శక్తి అన్ని చోట్లా ఒకే ప్రమాణంలో ఉంటుందని నువ్వు హామీ ఇవ్వగలవా? అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మరొకటి. పదుల కొద్దీ పదార్థాలకు ఒకేసారి రక్తపరీక్ష చేసి, వంకాయ మానండి, పెరుగు మానండి అని పట్టీ చేతిలో పెట్టి పంపుతున్నారు. తుమ్ములతో వచ్చిన పిల్లవాడు తిండికి దూరమై చిక్కిపోతున్నాడు.

మేనకోడలు: ఆ పట్టీల విషయంలో నేను మీకంటే కోపంగా ఉన్నాను. పరీక్షలో స్పందన కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రోగి చెప్పే కథకు, పరీక్షకు పొంతన కుదిరితేనే చికిత్స. పక్క దులిపినప్పుడు, నిద్ర లేస్తూనే తుమ్ములు మొదలై ఏడాది పొడుగునా వదలనివారిలో దుమ్ము పురుగును అనుమానిస్తాను. ఖాళీ స్థలాల పక్క ఇళ్లలో, వానల తర్వాత ఎక్కువయ్యేవారిలో వయ్యారిభామను వెతుకుతాను. బెంగళూరు ముక్కులకు ఆ మొక్క పుప్పొడి ఎంత పడదో ఈ ఊరి పరిశోధకులే దశాబ్దాల కిందట రాశారు. ఇక ప్రయాణం సంగతి. నాలుక కింద పెట్టుకునే మాత్రల వల్ల మొదటి మోతాదు తప్ప మిగిలినవి ఇంట్లోనే వేసుకునే వీలు కలిగింది. దుమ్ము పురుగు మాత్రకు అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. సారాల ప్రమాణం గురించి మీరన్నది మాత్రం నేను ఖండించలేను. అది మన దేశం సరిదిద్దుకోవలసిన లోపం. చికిత్సను వదులుకోవడానికి కారణం కాకూడదు. ముఖ్యంగా పిల్లల విషయంలో. చిన్నప్పుడు మూడేళ్లు పుప్పొడి సూదులు తీసుకున్నవారిలో మొదలుపెట్టిన పదేళ్లకు చూసినా ఉబ్బసం తక్కువగా వచ్చిందని 2007లో ప్రచురితమైంది.

మామయ్య: ఆ తర్వాత 812 మంది పిల్లలతో చేసిన గడ్డి పుప్పొడి మాత్రల పరీక్ష సంగతి కూడా చెప్పు. 2018లో వచ్చింది.

మేనకోడలు: చెబుతాను. ఉబ్బసం మొదలవడాన్ని ఆ మాత్ర వెనక్కి నెట్టుతుందా అన్నదే దాని ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్నకు అనుకూలమైన జవాబు రాలేదు. అయితే ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం మాత్రం తగ్గాయి. కాబట్టి ఉబ్బసాన్ని ఆపుతానని ఏ తల్లికీ మాట ఇవ్వను, ఇవ్వకూడదు కూడా. తుమ్ములు తగ్గుతాయి, ఆ మేలు మానిన తర్వాతా కొంతకాలం నిలుస్తుంది అని మాత్రమే చెబుతాను.

మామయ్య: అలా చెప్పే వైద్యుల దగ్గరికి పంపడానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు నా విషయానికి వస్తాను. దీర్ఘకాలిక సైనస్ జబ్బు మీద బ్రిటన్‌లో 514 మందితో చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది. అందరికీ ముక్కు స్టెరాయిడ్, ఉప్పునీటి కడుగు ఇస్తూనే, కొందరికి శస్త్రచికిత్స చేశారు, కొందరికి మూడు నెలలు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఆరు నెలలకు శస్త్రచికిత్స పొందినవారు మిగతా రెండు వర్గాలకంటే ఎంతో మెరుగ్గా ఉన్నారు. ఆ యాంటీబయాటిక్‌కూ ఉత్త మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నెలల తరబడి యాంటీబయాటిక్ రాసి పంపే అలవాటుకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది? కత్తి అంటే చివరి దిక్కు అని మీ తరం వైద్యులు రోగిని భయపెట్టడం అన్యాయం. ముక్కులోకి పంపి లోపల చూసే సన్నని గొట్టం ఎండోస్కోపుతో సహజమైన దారులనే తెరిచే పద్ధతిని ఆస్ట్రియాలో మెసర్‌క్లింగర్, స్టామ్‌బర్గర్ రూపొందించారు. 1985 నుంచి డేవిడ్ కెన్నడీ అనే వైద్యుడు అమెరికాలో దాన్ని వ్యాప్తి చేశారు. బయట గాటు ఉండదు. తెరిచిన దారిలో కడుగునీళ్లూ మందూ లోపలిదాకా చేరతాయి.

(ఆ కడుగునీటి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి చనిపోయారు. ట్యాంకరు నీళ్లతో, బోరు నీళ్లతో గడిపే ఈ ఊరిలో మరిగించి చల్లార్చిన నీళ్లు తప్ప మరేవీ ముక్కులో పోయకూడదు.)

మేనకోడలు: ఆ పరీక్షను నేనూ సంతోషంగానే చదివాను. కాని ఆరు నెలల ఫలితం అది. ముక్కు నిండా కండ పెరిగినవారిని బెల్జియంలో శస్త్రచికిత్స తర్వాత పన్నెండేళ్లు గమనిస్తే, దాదాపు ఎనభై శాతం మందిలో కండ తిరిగి పెరిగింది. మూడో వంతు మందికి పైగా మళ్లీ బల్ల ఎక్కవలసి వచ్చింది.

మామయ్య: చివరిదాకా మిగిలింది 38 మందే.

మేనకోడలు: తక్కువే, ఒప్పుకుంటాను, కాని మీ సొంత అనుభవం దానికి విరుద్ధంగా ఉందా? రెండోసారి, మూడోసారి వచ్చేవారు, ఉబ్బసం కూడా ఉన్నవారు, వాసన పోయి వంటింట్లో పోపు మాడినా తెలియనివారు మీకూ తెలుసు. వారి జబ్బు దారి మూసుకుపోవడంలో లేదు, పొరలోని వాపులో ఉంది. ఆ వాపును నడిపే సంకేతాలను అడ్డుకునే డుపిలుమాబ్ సూదికి ముక్కు కండ విషయంలో 2019 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత అలాంటి సూదులే ఒమాలిజుమాబ్, మెపోలిజుమాబ్ వచ్చాయి. డుపిలుమాబ్‌తో కండ తగ్గడమే కాదు, పోయిన వాసన తిరిగి వచ్చినవారు చాలామంది. 2025లో ఇదే కోవకు చెందిన టెజెపెలుమాబ్ ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది చికిత్సలో శస్త్రచికిత్స అవసరమని తేలినవారు సూది పొందినవారిలో 0.5 శాతం, ఉత్త సూది పొందినవారిలో 22.1 శాతం. ఇన్నాళ్లూ ఇలాంటివారికి మనం ఇచ్చింది ఏమిటి? ఏడాదికి రెండు మూడుసార్లు స్టెరాయిడ్ మాత్రల కోర్సులు. చక్కెర పెరిగింది, ఎముకలు పలచబడ్డాయి, కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఆ మూల్యాన్ని మనం లెక్కలో వేయడం లేదు.

మామయ్య: స్టెరాయిడ్ మాత్రల మాట నిజం, అందులో మా శాఖ బాధ్యత ఉంది. కాని నువ్వు ఇందాక వేసిన కొలతనే నీ సూదికి పెడతాను. మానిన తర్వాత ఏం మిగులుతుంది? డుపిలుమాబ్‌ను ఇరవై నాలుగు వారాల తర్వాత ఆపి చూస్తే దిబ్బడా కండా తిరిగి ముదిరాయి. అంటే రెండు వారాలకొక సూది చొప్పున ఎన్నేళ్లో తెలియని ఖర్చు. నా ఆపరేషన్‌కు ఖర్చు ఒకసారి. ఇంకొకటి: మన దేశంలో శిలీంధ్రం వల్ల వచ్చే సైనస్ జబ్బు తక్కువేమీ కాదు. ఒకే పక్క కండ పెరిగితే అది గడ్డ కావచ్చు, శిలీంధ్రం కావచ్చు. ముక్క తీసి పరీక్ష చేయకుండా సూది మొదలుపెడితే, అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

మేనకోడలు: ఒకే పక్క కండ ఉన్నవారికి మీరు చూడకుండా నేను సూది రాయను, మామయ్యా. ఖర్చు విషయంలో కూడా, శస్త్రచికిత్స చేయించుకోనివారికి మొదటి మందుగా వీటిని ఇవ్వాలని నేను అనడం లేదు. మొదటి ఆపరేషన్ మీదే. కాని కండ తిరిగి వచ్చిన రోజున, రెండోసారి బల్ల మీదికి పిలిచే ముందు, ఇలాంటి వాపులో పెరిగే ఇసినోఫిల్ అనే తెల్ల కణాలు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూసి, ఉబ్బసం గురించి, నొప్పి మాత్రలు పడకపోవడం గురించి అడిగి, ఒకసారి నా దగ్గరికి పంపండి. నేను కోరేది ఆ ఒక్క మజిలీ.

మామయ్య: ఉబ్బసం ఉండి, ఇసినోఫిల్స్ పెరిగి, ఏడాది రెండేళ్లలోనే కండ తిరిగి వచ్చినవారిని పంపుతాను. ఎనిమిదేళ్లు హాయిగా ఉండి వచ్చినవారిని పంపను. వారికి మరో ఎనిమిదేళ్లు ఇవ్వడం నాకు చేతనవును.

మేనకోడలు: ఎనిమిదేళ్లు ఆగినవారి విషయంలో మీతో వాదించను. నాలుగేళ్లకు వచ్చినవారి మాటేమిటి?

మామయ్య: వాళ్లను ఇద్దరం కలిసి చూద్దాం, సూది ధర కూడా రోగి ముందు పెట్టి, ఏది కావాలో అతణ్నే చెప్పమందాం.