కళ్లజోడు తీర్చని కష్టం

బోర్డు మీది లెక్క నోట్సులో ఎక్కించుకునేసరికి ఒక వరుస ఎగిరిపోతుంది. వేలు పెట్టుకోకుండా చదివితే లైను తప్పుతుంది. ట్యూబ్‌లైటు మినుకుమంటే తలనొప్పి. కంటి డాక్టరు మాత్రం చూపు బాగానే ఉందంటారు. ఇక ఇంట్లో, బడిలో అందరిదీ ఒకటే మాట: వీడికి శ్రద్ధ లేదు. చాలామంది పిల్లల విషయంలో ఆ మాట అన్యాయం.

కళ్లకు కనిపించిన వాటిలో ఏది కావాలో, ఏది వదిలేయాలో మెదడు తేల్చుకోవాలి. కొందరు పిల్లల్లో ఈ పని సాఫీగా సాగదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని స్థితి) ఉన్నవారిలో ఇది ఎక్కువ, అవి లేనివారిలోనూ ఉండొచ్చు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు పథకాలు ఎందరికో కళ్లజోళ్లు ఇచ్చాయి. కానీ చార్టులో అక్షరాలన్నీ చదివేసే ఈ పిల్లలు అలాంటి పరీక్షల్లో దొరకరు. చూపు బాగుండి కూడా చదువులో తడబడే పిల్లలను ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికో, ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చూసే జిల్లా ఆస్పత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికో పంపే ఏర్పాటు ఉండాలి.

తరగతి గదిని కూడా చూడాలి. బడిని అందంగా ఉంచాలన్న తపనతో బోర్డు చుట్టూ చార్టులు, తోరణాలు, బొమ్మలు నింపేస్తున్నాం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు రెండు రకాల గదుల్లో పాఠాలు చెప్పించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. అలంకరణల గదిలో విన్న పాఠాలపై పిల్లలు 42 శాతం ప్రశ్నలకు సరిగ్గా జవాబిస్తే, బోసి గోడల గదిలో విన్నవాటిపై 55 శాతానికి ఇచ్చారు. చిన్న అధ్యయనమే. అయినా మామూలు పిల్లల ధ్యాసే ఇంతగా చెదిరితే, ఈ పిల్లల అవస్థ ఏమిటో ఆలోచించాలి. రంగులన్నీ చెరిపేయమనడం లేదు. బోర్డు ఉన్న గోడను మాత్రం ఖాళీగా ఉంచండి, బొమ్మలను వెనక గోడకు మార్చండి.

ఇంట్లో చదువుకునే చోట ఎదుట ఉత్త గోడ, ముందు ఒక్క పుస్తకం ఉంటే చాలు. చదివే లైను మాత్రమే కనిపించేలా చీలిక పెట్టిన అట్టముక్క ఎంతో సాయం చేస్తుంది. పేజీకి పది లెక్కల బదులు మూడు వేసివ్వండి. రంగుటద్దాలు పెడితే చదువు వస్తుందని వేల రూపాయలు గుంజేవారిని నమ్మవద్దు. వాటికి తగిన ఆధారాల్లేవని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, నేత్రవైద్య సంఘాలు 2009లోనే చెప్పాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) వైకల్యాలుగా గుర్తించింది. కళ్లు చూసినదాన్ని మెదడు తేల్చుకోలేని ఈ ఇబ్బంది ఒక్కటే ఉన్నవారి ఊసు అందులో లేదు. వారికి వైకల్య సర్టిఫికెట్ రాదు. కిటికీ వెలుగు కళ్లలో పడని బెంచీ ఇవ్వడానికి, బోర్డు మీది లెక్క కాగితంపై రాసివ్వడానికి, రాసుకోవడానికి పది నిమిషాలు ఎక్కువ ఇవ్వడానికి సర్టిఫికెట్ అడగరాదని రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఈ ఏడాదే బడులకు స్పష్టంగా ఉత్తర్వులివ్వాలి.