ఆపిల్ పండుకి పెళ్ళిచూపులు

మా బావ ఆపిల్స్ కొంటుంటే మీరెప్పుడూ పక్కన నిలబడలేదు కాబట్టి మీ బతుకు ఇంకా ప్రశాంతంగా ఉంది. మొన్న ఆదివారం సాయంత్రం తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర తోపుడుబండి ముందు నన్ను ఇరవై అయిదు నిమిషాలు నిలబెట్టినాడు. ఆరంటే ఆరు పండ్ల కోసం. మా అక్కని చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా అంతసేపు కూర్చోలా ఈయన, రెండు బజ్జీలు తిని సరేననేసి లేచిపోయినాడు, ఆ మాట మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటాది.

కార్యక్రమం ఎట్లుంటాదంటే, ముందు పండుని అరచేతిలో పెట్టి బరువు చూస్తాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వేలితో టకటకా కొడతాడు, లోపల్నుంచి ఎవరో పలకాలన్నట్టు. తర్వాత తొడిమ దగ్గర వాసన. తర్వాత బొటనవేలితో నొక్కుడు. నాకు మండేది ఈడే. నొక్కిన చోటల్లా రేపటికి గోధుమరంగు మచ్చ తేల్తాది, ఆ పండుని ఈయన కొనడు, పక్కన పెట్టేస్తాడు, మర్నాడు ఇంకో మహానుభావుడొచ్చి "ఏందబ్బా, అన్నీ దెబ్బతినిన పండ్లే పెట్టినావు" అని బండాయన్నే దబాయిస్తాడు.

ఇంక అసలు ఘట్టం. జేబులోంచి స్కూటర్ తాళం తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తొక్క మీద బర్రున గీకి, తాళం కొనకి అంటుకున్న తెల్లటి పొడి తెచ్చి నా ముక్కు కింద పెట్టినాడు. "చూసినావా బామ్మర్దీ, మైనం! క్యాన్సర్ కొనుక్కుంటాండాం." బండాయన బిక్కమొహం వేసి "మేం పూసేది కాదు సామీ, పెట్టెలో అట్లే వస్తాది" అన్నాడు. నిజమే కదా. ఆపిల్‌కి చెట్టు మీదే సొంత మైనం ఉంటాది, ప్యాకింగ్‌కి ముందు కడిగితే కొంత పోతాది, దాని బదులు తేనెమైనమో లక్కో పల్చగా పూస్తారు, తినే పండుకి వాటిని పూసుకోవచ్చని మన ఫుడ్ సేఫ్టీ రూల్సే చెప్తాయి. అదే లక్క చానా మాత్రల మీద కూడా ఉంటాది. రోజూ మాత్రలు మింగే ముందు ఈయన తాళంచెవి తీసింది నేనైతే చూళ్ళేదు.

తర్వాత స్టిక్కర్, అంటే జాతకం. 4131 అని ఉంది. అంటే ఫుజి రకం, బిల్లు కొట్టే పిల్లకి రకం తెలియడానికి వేసిన నంబర్, అంతకుమించి ఏం లేదు. ముందు 9 తగిలించి అయిదంకెలుంటే ఆర్గానిక్. 8తో మొదలైతే జన్యుమార్పిడి విషమని మావోడి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టినారు, అప్పట్నుంచి ఈయన 8 కోసం వెతుకుతానే ఉన్నాడు. ఆ అంకె కాగితం మీదే తప్ప షాపుల్లోకి ఎప్పుడూ రాలేదు సామీ అంటే, "దాచిపెట్టినారు" అంటాడు. ఇంకేం మాట్లాడతాం.

అన్నీ అయినాక అడిగినాడు, "ఫ్రెష్షేనా?" అని. మామిడికాయల సీజన్లో! కాశ్మీర్‌లో అయినా సిమ్లా పక్కనయినా ఆపిల్స్ ఎక్కువగా కోసేది ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. కోసి, సున్నా డిగ్రీల పక్కన ఉండే గదిలో పెట్టి, గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని రెండు మూడు శాతానికి దించేస్తారు, పండు ఊపిరి బిగబట్టి నెలల తరబడి నిద్రపోతాది. న్యూజిలాండ్ నుంచి ఓడెక్కి వచ్చిందైతే తప్ప ఈయన ముక్కు కింద పెట్టుకున్న ఆ ఫ్రెష్ పండు నిరుడు దసరా నాటిది.

ఇంటికి తెచ్చినాక ఇంకో పూజ. వేడినీళ్ళలో ఉప్పేసి కడిగి, పంచెతో తుడిచి, ఫ్రిజ్ కింద డ్రాయర్లో కొత్తిమీర కట్టల మీద పేర్చినాడు. రెండ్రోజులకి కొత్తిమీర పసుపు తిరిగింది. మా అక్క పొద్దున్నే ఆకుకూరలమ్మని గేటు దగ్గర నిలేసి పాత సరుకు అంటగట్టినావని అరిచింది. పాపం ఆమె తప్పేముంది, ఆపిల్ వదిలే ఇథిలీన్ గ్యాస్ పక్కనున్న ఆకులన్నిటినీ ముసలోళ్ళని చేస్తాది. కడక్కుండా, బొక్కలున్న కవర్లో వేసి, ఆకుకూరలకి దూరంగా ఫ్రిజ్‌లో పెట్టుకుని, దెబ్బతగిలింది ముందు తినేసి, మిగతావి తినేటప్పుడు కడుక్కుంటే చాలు. బయట పెడితే మాత్రం తొందరగా పిండిపిండిగా అయిపోతాయి. ఇంతే. దీనికి తాళంచెవులక్కర్లేదు.

ఒక పండుకి ఇంత మర్యాద జరగడం మీద నాకేం కుళ్ళు లేదు. కానీ నిల్వ అనే మాట వింటే నాకు 2025 జూన్ గుర్తొస్తాది. కాశ్మీర్ పండు నెలల తరబడి పడుకోడానికి ఏసీ గది ఉంది, మా చిత్తూరు పక్క బంగారుపాళ్యం తోతాపురి మామిడికి మాత్రం గుజ్జు తీసే ఫ్యాక్టరీ గేటు బయట ఎండలో ట్రాక్టర్ మీద రోజుల తరబడి నిలబడే యోగం. మామిడిని సున్నా డిగ్రీల్లో పెడితే నల్లబడి చస్తాదని నాకూ తెలుసు, నాకు చెప్పొద్దు. తోతాపురికి నిల్వంటే పల్ప్ డ్రమ్మే, అంటే గుజ్జు తీసి డ్రమ్ముల్లో పెట్టడమే, ఆ డ్రమ్ము మూత ఫ్యాక్టరీవాళ్ళ చేతిలో ఉంది, పాత పల్ప్ అమ్ముడుపోలేదని చెప్పి కూర్చున్నారు. కిలోకి పన్నెండు రూపాయలిస్తామన్నారు, ఎనిమిది ఫ్యాక్టరీ, నాలుగు గవర్నమెంటు. ఆ ఎనిమిది ఎంతమందికి చేతికొచ్చిందో పోయి రైతుల్ని అడగండి. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ కూడా రాక కాయల్ని రోడ్డు పక్కన కుమ్మరించి పోయినారు. వాళ్ళలో మా బావ వాళ్ళ నాయిన ఒకడు. డెబ్బై దాటిన మనిషి మూడు రాత్రులు ట్రాక్టర్ కింద పడుకుని, నాలుగో రోజు ట్రక్కు మొత్తం వంకలో దించి ఖాళీగా ఇంటికొచ్చినాడు. ఏ కాయని ఎవరు నొక్కి చూసినారు? ఏ గేటు దగ్గర ఎవరు వాసన చూసినారు? సిగ్గు లేదా మనకి?

అన్నట్టు ఆదివారం సంగతి పూర్తి చెయ్యలేదు. రెండొందల ఎనభై ఫోన్‌పే కొట్టినాక బండాయన పట్ట కింద నుంచి గంప లాగినాడు. "ఇవి కూడా తీసుకో సామీ, తోతాపురి, మన పక్క కాయలే, కిలో ఇరవై."

బావ ఒక్క కాయని కూడా చేత్తో ముట్టుకోలేదు.

"వద్దులే," అన్నాడు, "వేడి చేస్తాది."