సవరణ: ఇంటర్నెట్ వ్యసనంపై నేను రాసిన రెండు మాటలు

అనంతపురంలో అద్దె గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుకునే యువత గురించి గత వారం రాసిన టపాలో రెండు తప్పులు దొర్లాయి. "ఇంటర్నెట్ వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది" అన్నాను. సరికాదు. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన ఆ సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేరింది గేమింగ్ రుగ్మత (అదుపు తప్పిన వీడియో గేముల ఆట), మొత్తం ఇంటర్నెట్ వ్యసనం కాదు. దానికైనా లక్షణాలు సాధారణంగా 12 నెలలపాటు కనిపించాలి.

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధిస్తోంది. "మనోబలం లేకపోవడమే కారణం" అని తేల్చేశాను. ఒంటరితనం, కుంగుబాటు, ఆందోళన ఈ వ్యసనం వెనుక తరచుగా ఉంటాయి. ఫలితాల ముందు రాత్రి ఫోను వదలని కుర్రవాడు సరదా కోసమే దాన్ని పట్టుకోడు, భయం నుంచి కాసేపు తప్పించుకుంటాడు. ఆ కాస్త ఊరటే అలవాటును బిగిస్తుంది. వాడకం పెరిగి నిద్ర చెడితే కుంగుబాటూ పెరుగుతుంది. ఏది ముందో, ఏది వెనుకో విడదీయడం కష్టం.

నా మాట నమ్మి ఎవరైనా బిడ్డను సోమరి అని తిట్టి ఉంటే, ఆ తప్పు నాది. క్షమించండి. ఆ వాక్యాలు తీసేశాను. సాయం కావలసినవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014లో ఇందుకోసమే ప్రత్యేక క్లినిక్ మొదలైంది.