57.5 శాతం గోడ

గోడలు రెండు రకాలనీ, కట్టినవి కొన్ని, కట్టనివి కొన్ని అనీ ఇంతకాలం నమ్ముతూ వచ్చిన నా అజ్ఞానాన్ని ఈ మధ్య ఒక రన్నింగ్ బిల్లు, అంటే పని నడుస్తుండగా నెలనెలా పెట్టే బిల్లు, పటాపంచలు చేసింది. ఆ బిల్లులో ‘లోపలి గోడల ప్లాస్టరింగ్’ అనే పద్దుకు ఎదురుగా 57.5 శాతం పూర్తి అని రాసి ఉంది. యాభై కాదు, అరవై కాదు, అక్షరాలా యాభై ఏడున్నర. చుక్క పక్కన కుదురుగా కూర్చున్న ఆ ఐదును చూడగానే రెండు చేతులూ ఎత్తి నమస్కరించబోయాను. తీరా ఆ అంకె పుట్టిన ఘడియలో ఆ గోడ ముందు నేనూ నిలబడి ఉన్నానన్న సంగతి గుర్తుకు వచ్చి, ఎత్తిన చేతులు దించుకున్నాను.

సైటు గడప తొక్కినవారికి ఈ వ్యవహారం కొత్త కాదు గానీ, శాస్త్రం కనుక శాస్త్రప్రకారం చెప్పుకోవాలి. భవనం పూర్తయ్యేదాకా తన డబ్బు పెట్టుకొనే స్తోమత కాంట్రాక్టరుకు ఉండదు. పునాది తీయకముందే మొత్తం చేతిలో పెట్టే ధైర్యం యజమానికి ఉండదు. కాబట్టి పని మొత్తాన్ని పద్దులుగా విడగొట్టి, ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క విలువ కట్టి, ప్రతి నెలాఖరుకూ ఏ పద్దు ఎంత శాతం అయిందో తేల్చి, ఆ మేరకు చెల్లిస్తారు. ఒప్పందం విలువ 100 అనుకుందాం. ఈ నెలాఖరుకు మొదటి నుంచి అయిన పని 60 అని తేలింది. అందులో 10 శాతం రిటెన్షన్ కింద, అంటే పని ముగిశాక బయటపడే లోపాలను కాంట్రాక్టరు సరిచేయవలసిన ‘లోపాల గడువు’కు హామీగా, యజమాని తన దగ్గరే అట్టిపెట్టుకుంటే మిగిలేది 54. పోయిన నెల వరకు 50 వంతుల పనికి ఇదే లెక్కన 45 ఇచ్చారు కనుక ఈ నెలకు వచ్చేది 9. పని మొదట్లో ఇచ్చిన అడ్వాన్సు 10ని కూడా ప్రతి బిల్లులోనూ ఇదే నిష్పత్తిలో రాబట్టుకుంటారు కనుక మరొక 1 పోయి, 10 వంతుల పని చేసినవాడి చేతికి 8 వస్తుంది. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. కూడికలు, తీసివేతలు అన్నీ సక్రమంగా ఉంటాయి. ఆ మొదటి 60 ఎక్కడి నుంచి వచ్చిందని అడగనంతవరకు ఇంతకన్నా నికార్సయిన లెక్క ఎక్కడా దొరకదు.

తవ్విన మట్టికి కొలత ఉంది, పోసిన కాంక్రీటుకు కొలత ఉంది, కట్టిన ఇనుముకు తూకం ఉంది. వాటిని టేపు పట్టి కొలిచి రాసే ఒప్పందాలూ ఉన్నాయి, అక్కడ కొలతల పుస్తకానిదే పెత్తనం. అయితే మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకున్న చోట టేపుకు సెలవిచ్చి చూపును పనిలో పెడతారు. కాంట్రాక్టరు చూపుకు ఒక అంకె కనిపిస్తుంది, యజమాని తరఫు ఇంజనీరు చూపుకు మరొక అంకె కనిపిస్తుంది, అప్పు ఇచ్చిన బ్యాంకు పంపిన పెద్దమనిషికి వీరిద్దరూ తప్ప ఇంకేమీ కనిపించదు.

ఆ రోజు ముగ్గురూ గోడ ముందు నిలబడ్డారు. గోడకు ఒక పూత పూర్తిగా అయింది, రెండవ పూత కింది సగానికి వచ్చింది, కిటికీ చుట్టూ ఇంకా ఇటుకలు కనిపిస్తున్నాయి. కాంట్రాక్టరు మనిషి ఫైలును గుండెకు ఆనించుకొని, మనసులో ఉన్నది 60 కనుక, డెబ్బై అన్నాడు. ఇంజనీరు గోడను వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, పుచ్చకాయ బేరానికి వచ్చినవాడిలా తల అడ్డంగా ఊపి నలభై ఐదు అన్నాడు. ఫైలు మనిషి నొచ్చుకొని, పరంజీ కట్టిన శ్రమనూ, ఇసుక జల్లించిన శ్రమనూ, పోయిన వారం వచ్చిన వాననూ వరుసగా ఏకరువు పెట్టి అరవై ఐదుకు దిగాడు. ఇంజనీరు కిటికీ వైపు చూపుడు వేలు చాచి, వాన తమకూ కురిసిందని గుర్తుచేసి యాభైకి ఎక్కాడు. ఆ తరువాత ఒకరు అరవై, మరొకరు యాభై ఐదు. అక్కడ ఇద్దరి పరువూ అడ్డు వచ్చి బండి ఆగిపోయింది. బ్యాంకు పెద్దమనిషి గడియారం చూసుకొని, రెంటినీ కలిపి సగం చేస్తే పోలేదా అన్నాడు. ఆ విధంగా 57.5 అవతరించింది. ఇంజనీరు పెన్సిలుతో గడిలో రాసి, ఆ ఐదును మరొకసారి దిద్దాడు.

పక్కనే సిమెంటు చేతులు గోనెపట్టాకు తుడుచుకుంటూ ఇదంతా విన్న మేస్త్రి, ఎంతో వినయంగా, “సారూ, ఇందులో ఏ ముక్క దగ్గర ఆపమంటారు? ఆ అర ఎక్కడ పడుతుందో గీత గీసి పెట్టండి, అక్కడికే పూస్తాను” అని అడిగాడు. అతనికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఊరేగింపు తలుపుల దగ్గరికి సాగిపోయింది. అక్కడ ద్వారబంధాలు నిలిపి ఉన్నాయి, రెక్కలు రాలేదు. అయినా తలుపులు 40 శాతం పూర్తి అని తేలింది. అంటే దొంగ వచ్చినప్పుడు 40 శాతం ఆగుతాడన్నమాట. ఆపైన లిఫ్టు. గొయ్యి తప్ప అక్కడ ఏమీ లేదు గానీ, దాని సామాను గోడౌనుకు చేరినట్టు రసీదు చూపించారు కనుక అది 30 శాతం. రసీదు ఎక్కి పై అంతస్తుకు పోవచ్చునేమో నేను ప్రయత్నించలేదు.

కాంట్రాక్టరు అమాయకుడని ఎవరైనా జాలిపడితే అది వారి పుణ్యం. విలువలు కట్టే రోజునే అతడు మట్టి తవ్వకానికీ పునాదికీ ధర పెంచి, చివరన వచ్చే రంగులకూ బిగింపులకూ తగ్గించి రాస్తాడు. మొత్తం మారదు కనుక ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పని 30 వంతులు కాకముందే 40 వంతుల డబ్బు బయటపడుతుంది, ఆ డబ్బు ఒక్కొక్కసారి పక్క సైటులో శ్లాబు అవుతుంది. చివరి రంగుల దశకు వచ్చేసరికి పద్దులో మిగిలిన సొమ్ము డబ్బాల మూతలకు కూడా చాలదు. అన్ని భవనాలూ 90 శాతం దగ్గర అంత దీర్ఘకాలం కాపురం చేయడానికి ఇది ఒక కారణం.

అంకె కుదిరినంత మాత్రాన డబ్బు కదలదు. అంతర్జాతీయ పనులకు వరవడిగా వాడే ఫిడిక్ అనే ఇంజనీర్ల సంస్థ వారి 1999 నాటి నమూనా ఒప్పందం ‘ఎర్ర పుస్తకాన్నే’ తీసుకుంటే, కాంట్రాక్టరు లెక్క అందిన 28 రోజులలోగా ఇంజనీరు చెల్లింపు పత్రం ఇవ్వాలి, లెక్క అందిన ఆ తేదీ నుంచే 56 రోజులలోగా యజమాని చెల్లించాలి. ఇది అన్నీ సవ్యంగా జరిగినప్పటి మాట. నెల మొదటి రోజున పూసిన పూతకు నెలాఖరున బిల్లు పెట్టి, 56వ రోజున డబ్బు అందుకుంటే, పూసిన చేతికీ సొమ్ముకూ మధ్య దాదాపు మూడు నెలలు గడుస్తాయి. ఆ సొమ్ము కూడా నేరుగా ఆ చేతికి రాదు. యజమాని నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతడి నుంచి మేస్త్రికి, మేస్త్రి నుంచి కూలీకి దిగాలి. ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ 10 శాతం అట్టిపెట్టుకునేవాడు ఒకడు ఉంటాడు. ప్రతి మెట్టు దగ్గరా ఒకటే పాట: పైనుంచి రాగానే ఇస్తాం.

ఈ పాట వినగానే నాకు హాస్యం నశిస్తుంది. పైనుంచి రాకపోతే అది పైవాడికీ నీకూ మధ్య ఉన్న తగువు. గోడ పూసినవాడు ఆ తగువులో సంతకం పెట్టలేదు. బ్రిటన్ 1996లో చట్టం చేసి, పైనుంచి వస్తేనే కిందికి ఇస్తామనే షరతు, పైవాడు దివాలా తీసిన సందర్భంలో తప్ప, చెల్లదని చెప్పింది. అదే దేశంలో కారిలియన్ అనే బడా నిర్మాణ సంస్థ సరఫరాదారులకు చెల్లింపులో 120 రోజుల గడువు పెట్టి, 2018 జనవరిలో కుప్పకూలింది. దాదాపు 30,000 మంది సరఫరాదారులకు, సబ్ కాంట్రాక్టర్లకు, ఇతర స్వల్పకాలిక రుణదాతలకు అది సుమారు 200 కోట్ల పౌండ్లు బాకీ ఉందని ఆ దేశ పార్లమెంటు కమిటీలే రాశాయి. ఆ 30,000 మంది ఆ సంస్థకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చారు. తాము అప్పు ఇస్తున్నామన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. కూలీ ఎప్పుడైనా 57.5 శాతం ఇటుకలు మోశాడా? సగం బస్తాను భుజాన ఎత్తుకొని, మిగిలిన సగం లోపాల గడువు ముగిశాక ఎత్తుకుంటానన్నాడా? వాడి పని ఎప్పుడూ నూటికి నూరు. శాతాలన్నీ డబ్బు ఇచ్చేవాడి దగ్గరే పుడతాయి. పైగా ఈ నెల సొమ్ము కావాలంటే, పోయిన నెల బాకీ మొత్తం ముట్టిందని ముందుగా కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ముట్టనివాడి చేతనే ముట్టిందని రాయించుకొని, ఆ కాగితాన్ని ఫైలులో భద్రపరిచే మనుషులు రాత్రి ఎలా నిద్రపోతారో నాకు తెలియదు.

సరే, గోడ సంగతికి వస్తాను. తరువాతి నెలలో దానికి రెండవ పూత పూర్తయింది. ఆపై నెలలో లప్పం పెట్టారు, రంగు వేశారు. బిల్లులో మాత్రం అది 95 దగ్గరికి వచ్చి ఆగింది, ఎందుకంటే మిగిలిన 5 ఏమిటో ఎవరికీ గుర్తు లేదు, గుర్తు లేని దానిని పూర్తి చేయడం ఎలాగో ఏ ఒప్పందంలోనూ లేదు. ఇంతలో యజమాని ఇంట్లోకి దిగాడు, కనుక ఆనవాయితీ ప్రకారం రిటెన్షన్‌లో సగం విడుదల చేశారు. మిగిలిన సగానికి లోపాల గడువు ముగిసేదాకా ఆగమన్నారు. గడువు ముగిసిన వారంలో అదే ఇంజనీరు అదే గోడ ముందు నిలబడి, అదే వేలి కణుపుతో తట్టి చూశాడు. యజమాని క్యాలెండరు తగిలించుకోవడానికి కొట్టుకున్న మేకు దగ్గర ప్లాస్టరింగ్ చిన్న పెచ్చు ఊడి ఉంది. లోపాల జాబితాలో అది మొదటి వరుసలో ఎక్కింది.